నల్లబల్ల వెనక సద్దిడబ్బాలు: ‘సమస్యా సాధన’ పాఠాల మీద ఒక విమర్శ

బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో అంబేద్కర్ చదువుకుంటున్న రోజుల్లో జరిగిన ఒక సంగతిని ధనంజయ్ కీర్ 1954లో అచ్చయిన జీవిత చరిత్రలో రాశాడు. మాస్టారు ఒక లెక్క చేయడానికి భీమ్‌ని నల్లబల్ల దగ్గరకు రమ్మన్నాడు. క్లాసంతా ఒక్కసారిగా గోల. సవర్ణ పిల్లలు తమ సద్దిడబ్బాలు ఆ బల్ల వెనకాల పెట్టుకునేవాళ్ళు. ఈ పిల్లవాడు బల్ల దాకా వస్తే అన్నం మైలపడుతుందని, అతను చేరేలోపలే ఉరికి డబ్బాల్ని అవతలికి విసిరేశారు.

ఈ ఘటనని మనం అంటరానితనానికి ఉదాహరణగా చెప్పుకుని వదిలేస్తున్నాం. దీన్ని లెక్కల పాఠంగా కూడా చదవాలని నా వాదన. మాస్టారు పిలిచాడు గదా. పిల్లవాడు లేచి, అందరి ముందుకొచ్చి, తన ఆలోచనని బల్ల మీద పెట్టాలన్నాడు. ఇవాళ ప్రపంచంలో ఏ గణిత విద్యావేత్తని అడిగినా మంచి పాఠం అంటే అదే అంటాడు. మరి బెంచీ నుంచి నల్లబల్ల దాకా ఉన్న ఆ నాలుగడుగుల దూరాన్ని ఏ విద్యావేత్తయినా కొలిచాడా? సమస్యా సాధన మీద వచ్చిన సాహిత్యాన్ని నేను ఈ ఒక్క ప్రశ్నతో చదవదలుచుకున్నాను.

ముందే ఒక మాట. నేను బట్టీ పాఠం వైపు లేను. సూత్రం చెప్పి, ఒక లెక్క చేసి చూపించి, అలాంటివే ఇరవై చేయమనే పద్ధతి మన వాడ పిల్లల్ని తరతరాలుగా ముంచింది. సూత్రం ఎందుకొచ్చిందో చెప్పని చోట గుర్తుంచుకున్నవాడే తెలివైనవాడు. ఇంట్లో చెప్పేవాళ్ళు, ట్యూషను, గైడు ఉన్నవాడికి గుర్తుండడం తేలిక. 2024 అసర్ సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో అయిదో తరగతి చదివే పిల్లల్లో భాగహారం చేయగలిగినవాళ్ళు నూటికి 31 మంది లోపే. మిగతా 69 మంది ఏ గడపల నుంచి వస్తున్నారో ఈ పత్రిక పాఠకులకు విడమరిచి చెప్పక్కర్లేదు. కాబట్టి పద్ధతి మారాలి. అందులో తగాదా లేదు. ఏది మారితే పద్ధతి మారినట్టు అన్నదే తగాదా.

సమస్యా సాధన అనే మాట మనకి కొత్తది కాదు. హంగేరీలో పుట్టిన గణితవేత్త జార్జ్ పోల్యా 1945లోనే సమస్యను అర్థం చేసుకో, పథకం వేసుకో, అమలు చెయ్, వెనక్కి తిరిగి చూసుకో అని నాలుగు మెట్లు చెప్పాడు. 1980లో అమెరికా గణిత ఉపాధ్యాయుల జాతీయ మండలి, ఆ దశాబ్దపు బడి గణితానికి సమస్యా సాధనే కేంద్రం కావాలంది. మన 2005 జాతీయ విద్యా ప్రణాళిక చట్రం అదే దారిలో నడిచింది. ఉమ్మడి రాష్ట్రంలో 2011 చట్రం తర్వాత వచ్చిన గణితం పుస్తకాల్లో ‘ఇవి చేయండి’, ‘ప్రయత్నించండి’ అనే పెట్టెలు వచ్చాయి. విద్యా ప్రమాణాల జాబితాలో మొట్టమొదటిది సమస్యా సాధనే. ఇక బీఎడ్‌లో పోల్యా నాలుగు మెట్లని పది మార్కుల ప్రశ్నగా కంఠస్థం చేయించారు. సమస్యా సాధనని బట్టీ పట్టి పాసైన ఉపాధ్యాయులం మనం.

అసలు పాఠం ఎలా ఉంటుందో చూడాలంటే జపాన్ వెళ్ళాలి. 1995లో జరిగిన అంతర్జాతీయ గణిత, విజ్ఞాన అధ్యయనంలో భాగంగా జర్మనీ, జపాన్, అమెరికా దేశాల్లో 231 ఎనిమిదో తరగతి లెక్కల పాఠాల్ని వీడియో తీశారు. వాటి మీద స్టిగ్లర్, హీబర్ట్‌లు 1999లో ‘ది టీచింగ్ గ్యాప్’ అనే పుస్తకం రాశారు. ఆ వీడియోల్లో ఒక జపాన్ పాఠం బాగా పేరుపడ్డది. పక్కపక్కన రెండు చేలు. మధ్యలో గట్టు వంకరగా, మోచేయిలా ఒకచోట విరిగి ఉంది. ఎవరి వైశాల్యమూ తగ్గకుండా, పెరగకుండా ఆ గట్టుని తిన్నగా చేయాలి. మాస్టారు సూత్రం చెప్పడు. పిల్లలు మొదట ఎవరికి వారు తంటాలు పడతారు, తర్వాత పక్కవాడితో మాట్లాడుకుంటారు, ఆ తర్వాత వేర్వేరు పద్ధతులు బల్ల మీదకొస్తాయి. గట్టు రెండు కొసల్నీ కలిపి ఒక గీత గీసి, విరుపు దగ్గర నుంచి దానికి సమాంతరంగా ఇంకో గీత గీస్తే లెక్క తెగుతుంది. ఒకే భూమి మీద, ఒకే సమాంతర రేఖల మధ్య ఉన్న త్రిభుజాల వైశాల్యాలు సమానం అన్న సిద్ధాంతం పిల్లల చేతికి పనిముట్టుగా వస్తుంది.

మన తొమ్మిదో తరగతిలో ఇదే సిద్ధాంతాన్ని నిరూపణతో సహా బట్టీ పడతాం. మన లెక్కల పుస్తకంలో ప్రతి త్రిభుజానికీ ఒక భూమి ఉంటుంది. ఆ లెక్క చేసే పిల్లల్లో చాలామందికి ఉండదు. గట్టు తగాదా అంటే ఏమిటో వాడ పిల్లలకి తెలియక కాదు. పట్టా ఉండి పొలం లేని ఇళ్ళు, పొలం ఉండి గట్టు జరిగిపోయిన ఇళ్ళు ప్రతి వాడలోనూ ఉన్నాయి.

ఆ జపాన్ పాఠం నాకు నచ్చింది. అయితే అది దేని మీద నిలబడిందో గమనించండి. తప్పు మీద. పిల్లలు ముందు తప్పు గీతలు గీయాలి, వాటిని అందరి ముందు పెట్టాలి, ఆ తప్పుల మీదుగానే తరగతి ఒప్పు దగ్గరకు పోవాలి. తప్పు అక్కడ మెట్టు. మన బడిలో తప్పు అందరికీ ఒకటి కాదు. రెడ్డిగారబ్బాయి బల్ల మీద తప్పు చేస్తే “తొందరపడ్డావురా, మళ్ళీ చూడు” అంటారు. మాదిగోళ్ళ పిల్లవాడు అదే తప్పు చేస్తే “మీకు లెక్కలెందుకురా” అంటారు. ఒకరి తప్పు ఆ లెక్కకి సంబంధించింది, ఇంకొకరి తప్పు పుట్టుకకి సంబంధించింది. జపాన్‌లో మాత్రం అందరూ సమానమా? 1871 శాసనంతో కాగితం మీద విముక్తులై, 1922లో సుయిహేషా పెట్టుకుని కొట్లాడాల్సి వచ్చిన బురాకుమిన్లు ఆ దేశంలోనే ఉన్నారు. దేశాల సగటుల్ని పక్కపక్కన పెట్టి పోల్చే పద్ధతిలో, ఆ తరగతుల్లో ఎవరు బల్ల దగ్గరకు నడిచారో, ఎవరు నడవలేదో పైకి కనపడదు.

ఎనిమిదో తరగతిలో నా అనుభవం ఒకటి చెబుతాను. లెక్కల పీరియడ్ మొదట్లో ఆఫీసు నుంచి స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చాయి. “ఎస్సీలు లేచి నిలబడండి” అన్నారు. తొమ్మిది మందిమి లేచాం. సంతకాలయ్యాయి, కూర్చున్నాం. అయిదు నిమిషాల్లో మాస్టారు బల్ల మీద కారణాంకాల లెక్క ఒకటి రాసి “ఎవరు చేస్తారు?” అన్నారు. ఆ లెక్క నాకొచ్చు. ముందురోజు రాత్రి హాస్టల్లో చేసిందే. చెయ్యి లేవలేదు. ఎందుకు లేవలేదో చెప్పడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆ మాస్టారు చెడ్డవాడేం కాదు, కొట్టేవాడూ కాదు.

కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో చేసిన ప్రయోగం చదివినప్పుడు ఆ పీరియడ్ గుర్తొచ్చింది. దాని ఫలితాలు 2004, 2006ల్లో వచ్చాయి. ఆరు, ఏడు తరగతుల మగపిల్లలు, అగ్రకులాలవాళ్ళు 321 మంది, దళితులు 321 మంది. చిక్కుదారుల బొమ్మల్లో దారి కనుక్కోవాలి, ఎన్ని చేస్తే అన్ని డబ్బులు. కులం ఊసెత్తనప్పుడు ఈ రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అందరి ముందు పేరు, తండ్రి పేరు, కులం చదివి మొదలుపెట్టినప్పుడు దళిత పిల్లలు చేసిన వాటి సంఖ్య బాగా పడిపోయింది. అవే బొమ్మలు, అంతే సమయం. అక్కడ వాళ్ళు చేసిందంతా సమస్యా సాధనే కదా. దీన్ని చదివి ‘పిల్లల్లో ఆత్మవిశ్వాసం పెంచాలి’ అనేవాళ్ళున్నారు. ఆత్మవిశ్వాసం పిల్లల దగ్గరే ఉంది, కులం చదివినదాకా. మార్చాల్సింది చదివే గొంతుని.

ఇక సమస్యల లోపలికి వద్దాం. ఎవరి సమస్యలివి? భాస్కరాచార్యుడి ‘లీలావతి’ని 1150 నాటి మన గణిత వైభవంగా చెప్పుకుంటారు. అందులో విలోమానుపాతం నేర్పడానికి, అమ్మకానికి పెట్టిన పదహారేళ్ళ ఆడమనిషి వెల 32 నిష్కాలైతే ఇరవయ్యేళ్ళామె వెల ఎంత అనే లెక్క ఉంది. వయసు పెరిగితే వెల తగ్గుతుంది, అదీ అనుపాతం. జవాబు 25.6. లెక్క సరిగ్గానే ఉంది. ఇవాళ అలాంటి లెక్క వేయరు. దాని బదులు పదిమంది కూలీలు ఒక గోడని ఆరు రోజుల్లో కడితే పన్నెండు మంది ఎన్ని రోజుల్లో కడతారు అంటారు. అయిదు రోజులు. ఆ కూలీలు అలిసిపోరు, జబ్బుపడరు, కూలి అడగరు. ప్రశ్న వేసేవాడు ఎప్పుడూ పని చేయించుకునేవాడే.

వడ్డీ లెక్కలు ఇంకా వింత. పుస్తకంలో వడ్డీ సంవత్సరానికి నూటికి ఎనిమిది, పది. వాడలో వడ్డీ ‘నూటికి మూడు’. అది నెలకి. అంటే ఏడాదికి 36 శాతం. పదివేలు తెస్తే మూడేళ్ళకి వడ్డీ 10,800. ప్రామిసరీ నోటుకి మూడేళ్ళ కాలదోషం ఉంది కాబట్టి గడువు ముగిసేలోపు ‘నోటు తిరగరాయిస్తారు’. అప్పుడు అసలు 20,800 అవుతుంది. ఇంకో మూడేళ్ళకి 43,264. తిరగరాయకపోతే ఆరేళ్ళకి 31,600. ఆ తేడా, 11,664 రూపాయలు, ఒక్క సంతకంతో ఎక్కడి నుంచి ఊడిపడిందో కనుక్కోమనడం కంటే మంచి చక్రవడ్డీ పాఠం నాకు తెలియదు. ఇలాంటి లెక్కని ఏ పాఠ్యపుస్తకంలోనూ నేను చూడలేదు. అసలు, వడ్డీ, కాలం ఇచ్చి మొత్తం కనుక్కోమంటారు, షావుకారు తన గుమాస్తాకి చెప్పినట్టు.

అయితే ‘నిత్యజీవితం నుంచి లెక్కలు తీసుకోండి’ అంటే సరిపోతుందా? ఇక్కడ మనవాళ్ళు కూడా కొంత పొరపాటు పడుతున్నారని నా అనుమానం. గిద్దలు, సోలలు, మానికలు, కుంచాలు మా అమ్మమ్మకి నోటికొచ్చు. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి అని కళ్ళంలో నిలబడి లెక్కేసేది. ఆమె తెలివి గొప్పదే. కానీ ఆ తెలివి దానంతటదే బడిలో మార్కులుగా మారదు. బ్రెజిల్‌లో రెసిఫే వీధుల్లో కొబ్బరికాయలమ్మే పిల్లలు అంగట్లో నోటితో చేసిన లెక్కల్ని కాగితం మీద చేయలేకపోయారని 1985లో కరహెర్, ష్లీమాన్‌లు చూపించారు. 2025లో ‘నేచర్’ పత్రికలో బెనర్జీ, డుఫ్లో తదితరులు కలకత్తా, ఢిల్లీ బజార్ల పిల్లల గురించి రాసిందీ అదే. బజారు పిల్లలకి బడి లెక్క రాదు, బడి పిల్లలకి బజారు లెక్క రాదు. ఈ రెండింటి మధ్యా వంతెన కట్టడమే బడి పని, బడి ఆ పని చేయడం లేదు. ఊరికే వాడ జ్ఞానాన్ని పొగిడినంత మాత్రాన పదో తరగతి లెక్కల పరీక్ష గట్టెక్కదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఉత్సాహవంతుడైన ఒక మాస్టారు కూలి లెక్క ఇచ్చి, “ఏమ్మా, మీ అమ్మ నాట్లకి పోద్ది గదా, నువ్వు చెప్పు” అంటాడు. మంచి ఉద్దేశమే. కానీ ఆ ఒక్క మాటతో అతను ఉత్తరప్రదేశ్ ప్రయోగంలో కులం చదివిన మనిషైపోయాడు. వాడ తరగతిలోకి రావాలి. అలాగని ఒక పిల్లని వేలెత్తి చూపించి వాడని తరగతిలోకి తేలేము.

ఆ వంతెనని గట్టిగా కట్టజూసినవాడు నాకు తెలిసినంతలో బాబ్ మోజెస్. 1960ల మొదట్లో మిసిసిపీలో నల్లవాళ్ళ చేత ఓటరు నమోదు చేయించిన ఎస్‌ఎన్‌సీసీ కార్యకర్త, 2021లో పోయాడు. 1982లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో ‘ఆల్జీబ్రా ప్రాజెక్ట్’ మొదలుపెట్టాడు. ఆనాడు ఓటు హక్కు ఎలాంటిదో ఈనాడు బీజగణితం అలాంటిది, అది రానివాడు కొత్త ఆర్థిక వ్యవస్థలో పాలేరుగానే మిగులుతాడు అన్నది అతని వాదన. చార్లెస్ కాబ్‌తో కలిసి 2001లో రాసిన ‘రాడికల్ ఈక్వేషన్స్’లో ఇదంతా ఉంది. పాఠం ఇలా నడుస్తుంది. పిల్లలు అందరూ కలిసి మెట్రో రైలెక్కుతారు. తిరిగొచ్చి బొమ్మ గీస్తారు. తమ సొంత మాటల్లో చెబుతారు, రాస్తారు. ఆ మాటల్లో ఎటు, ఎంత అన్నవాటిని విడదీస్తారు. చివరికి గుర్తులొస్తాయి. బయలుదేరిన స్టేషన్ సున్నా అవుతుంది, ఒక దిక్కు ధనం, ఇంకో దిక్కు రుణం. ఇందులో ప్రయాణం ఒక పిల్ల ఇంటి నుంచి ఎత్తుకొచ్చింది కాదు, అందరూ కలిసి చేసింది. ఏ ఒక్కరూ నిలబడి తమ పుట్టుకని సాక్ష్యంగా ఇవ్వక్కర్లేదు.

సొంత మాటల మెట్టు మనకి మరీ అవసరం. తెలుగు మీడియంలో చదివామని అనుకుంటాం గానీ లెక్కల పుస్తకం మాత్రం సంస్కృత మీడియం. భాజకం, లవం, హారం, కర్ణం, చరరాశి. ‘పాలు’, ‘వంతు’, ‘సగపాలు’ అనే మాటలు నోట్లో ఉన్న పిల్ల, భిన్నం దగ్గర మూగదవుతుంది. ఇంగ్లిషు మీడియం కావాలని మనవాళ్ళు అడిగితే మాతృభాషా ద్రోహం అన్నవాళ్ళు, లవం, హారం ఎవరి మాతృభాషో చెప్పాలి.

మోజెస్ మీద నాకున్న అభ్యంతరం ఒకటే. అతని పద్ధతి వెనక ఒక ఉద్యమం ఉంది. పిల్లలు, తల్లులు మాకు బీజగణితం కావాలని అడగడం ఉంది. దాన్ని ఊడదీసి అయిదు మెట్ల పటంగా గోడకి తగిలిస్తే పోల్యాకి పట్టిన గతే దానికీ పడుతుంది.

మార్కుల సంగతి ఎక్కడా అని అడిగే మిత్రుల కోసం యూరీ ట్రైస్‌మన్ అనుభవం. 1970ల చివర బర్క్‌లీలో కాల్‌క్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎందుకు తప్పుతున్నారో తేల్చడానికి అతను విద్యార్థుల వెంట తిరిగాడు. ప్రేరణ లేదు, పునాది లేదు, కుటుంబం పట్టించుకోదు అనే పాత కారణాలేవీ నిలబడలేదు. చైనా మూలాలున్న విద్యార్థులు గుంపుగా కూర్చుని కొట్లాడుకుంటూ చదువుతున్నారు, నల్లవాళ్ళు ఒంటరిగా గదుల్లో చదువుతున్నారు. అతను వెనకబడినవాళ్ళకి ప్రత్యేక తరగతి పెట్టలేదు. మామూలు క్లాసుకంటే కష్టమైన లెక్కలిచ్చి, గుంపుల్లో కూర్చోబెట్టాడు. ఫలితాలు బాగా పెరిగాయి. మన దగ్గర జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. పరీక్షలకి ముందు ‘డల్ పిల్లల’ని విడదీసి, గ్రాఫు ఒకటి, నిర్మాణం ఒకటి, బిట్లు కొన్ని రుద్దించి, 35 మార్కులు గీకిస్తారు. అందులో ఎవరుంటారో తెలుసు. పాసవుతారు కూడా. ఇంటర్‌లో ఎంపీసీ అడిగినప్పుడు “నీకెందుకు, సీఈసీ తీసుకో” అంటారు. తేలిక లెక్కలివ్వడం దయలాగా కనిపిస్తుంది, తలుపు మూసే పద్ధతి అది.

దిద్దే దగ్గర ఇంకో చిక్కు. బట్టీ లెక్కకి జవాబు తప్పో ఒప్పో. సమస్యా సాధనలో ఆలోచనకి మార్కులు, అంటే దిద్దేవాడి విచక్షణ. రెమా హన్నా, లీ లిండెన్ 2012లో అచ్చువేసిన పరిశోధనలో, మన దేశంలో ఉపాధ్యాయుల చేత దిద్దించిన జవాబు పత్రాల మీద కులాన్ని చీటీ తీసినట్టు ఇష్టంవచ్చినట్టు మార్చి రాశారు. తక్కువ కులం పేరు పడ్డ పత్రానికి మార్కులు కాస్త తగ్గాయి. మనకి మింగుడుపడని సంగతి, అలా తగ్గించింది ఎక్కువగా తక్కువ కులాల ఉపాధ్యాయులే. దాన్ని దాచిపెట్టి లాభం లేదు. మన చేతిలో ఎర్ర కలం పెట్టినంత మాత్రాన మనలోని బడి పోదు.

కిందటేడు ఎనిమిదో తరగతిలో నేనొక లెక్క పెట్టాను. ఎవరిల్లూ, ఎవరమ్మా అనలేదు. నాట్ల గుత్త, ఎకరానికి 4,800, రెండెకరాలు. మొత్తం 22 మంది ఆడవాళ్ళు, అందులో నలుగురు మధ్యాహ్నం నుంచే వచ్చారు. ఆటోకి 660. ఎలా పంచాలి? చిన్న కాగితాల మీద, పేర్లు రాయకుండా, ఇద్దరిద్దరు కలిసి చేయమన్నాను. కొందరు ఆటో డబ్బులు ముందే తీసేసి మిగతాది పంచారు: నిండు కూలి 447, సగం కూలి 223.50. కొందరు ఆటోలో సగం మనిషి ఎక్కదు కదా అని తలకి 30 చొప్పున తీశారు: 450, 210. రెండూ కూడితే 8,940 వస్తోంది. ఏది న్యాయం అని పీరియడ్ అయిపోయేదాకా అరుచుకున్నారు. ఎప్పుడూ నోరెత్తనివాళ్ళు కొందరు, ఎవరి కాగితమో తెలియదు కాబట్టి, తప్పుల్ని తామే ముందుకొచ్చి బల్ల మీద దిద్దారు. ఒక్క పీరియడ్‌తో ఏదో సాధించానని చెప్పను. మర్నాడు మళ్ళీ పుస్తకంలోని అభ్యాసమే చేయించాల్సి వచ్చింది.

కుప్పలో ఒక కాగితం మీద లెక్కే లేదు. “ఆటో డబ్బులు రైతు ఇయ్యాలి. కూలోళ్ళకి ఎందుకు పడతాయి?” అని మాత్రం ఉంది. ‘కారణాలు చెప్పడం’ అనే విద్యా ప్రమాణం కింద దానికి ఎన్ని మార్కులు వేయాలో ఆ సాయంత్రం స్టాఫ్‌రూమ్‌లో అడిగాను. ఒకాయన సున్నా అన్నాడు, ప్రశ్నకి జవాబు రాయలేదని. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది, మార్కులు వేయకుండా.